ఏది మేలు: సరుకు విమానమా, బాంబరా, ఫైటరా?

1961 డిసెంబరు 18న గోవాలోని దాబోలిం విమానాశ్రయం మీదికి మన వాయుసేన కాన్‌బెర్రా బాంబర్లు 12 వెళ్లాయి. కొన్ని నిమిషాల్లోనే 63,000 పౌండ్ల బాంబులు, అంటే 28 టన్నులకు పైగా, కుమ్మరించాయి. అదే రోజు మరో 8 కాన్‌బెర్రాలు వెళ్లి మళ్లీ కొట్టి వచ్చాయి. భవనాల జోలికి పోవద్దన్న ఆదేశాన్ని పైలట్లు తు.చ. తప్పకుండా పాటించారు. ఇంత జరిగాక కూడా ఆ రాత్రి పోర్చుగీసువాళ్లు గుంతలు హడావిడిగా పూడ్చి, మిగిలిన కాస్త రన్‌వే మీదుగా రెండు పెద్ద రవాణా విమానాలను లేపి కరాచీకి పంపేశారు.

చేతిలో డబ్బు లేని కొత్త దేశం బాంబు వేయాల్సి వస్తే దేన్ని నమ్ముకోవాలి? స్వతంత్రం వచ్చిన తొలి పాతికేళ్లలో భారత వాయుసేన మూడు రకాలూ వాడి చూసింది. ఒకదానితో ఒకటి పోల్చుకుంటే, బాంబు బరువు చూసి తీర్పు చెప్పడం ఎంత పొరపాటో అర్థమవుతుంది.

ముందు సరుకు విమానం. 1947-48 కాశ్మీర్ యుద్ధంలో మనకు అసలైన బాంబర్లే లేవు. టెంపెస్ట్ ఫైటర్లు బాంబులు, రాకెట్లతో సైన్యానికి అండగా నిలిచాయి. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ మీద జరిగిన పోలీసు చర్యలోనూ ముందుకు కదిలే దళాలకు దారి చేసింది అవే. కానీ కొండల్లో అవి చాలక, డకోటా సరుకు విమానాలను కూడా బాంబర్లుగా మార్చారు. పొద్దున బియ్యం, మందుగుండు, గాయపడినవాళ్లను మోసిన విమానమే మరోసారి బాంబులతో బయలుదేరేది. పక్క తలుపు దగ్గర నిలబడ్డ సిబ్బంది వాటిని చేతులతో బయటికి దొర్లించేవాళ్లు. గురిచూసే పరికరం ఉండేది కాదు. పైలట్ అంచనా, వెనకున్నవాళ్ల సత్తువ, అంతే. నిజం చెప్పాలంటే, ఇలా వేస్తే వంతెన లాంటి చిన్న లక్ష్యం తగలడం కష్టం. కానీ ఎదురుగా శత్రు ఫైటర్లు లేని లోయలో, గుమిగూడిన మూక మీద, ఇది బాగానే పనిచేసింది. కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు కదా. ఆ డకోటా సిబ్బంది తెగువ తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

బాంబర్ కావాలన్న ఆరాటం మాత్రం తీరలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కాన్పూర్‌లో వదిలేసి, ఎవరికీ పనికిరాకుండా పాడుచేసి పెట్టిన లిబరేటర్ బాంబర్ల గుట్టలు ఉండేవి. బెంగళూరులోని విమానాల కర్మాగారం హెచ్‌ఏఎల్ వాళ్లు వాటినే ఒక్కొక్కటిగా లేపారు. జంషెడ్ మున్షీ అనే టెస్ట్ పైలట్ ఆ అతుకుల విమానాలను బెంగళూరుకు నడిపించుకొచ్చారు. 1948 నవంబరులో వాటితో వాయుసేనలో 5వ స్క్వాడ్రన్ (విమానాల దళం) నిలబడింది. అప్పటికి కాశ్మీర్ యుద్ధం ముగింపుకు వచ్చేసింది. అయినా 1968 దాకా అవి సర్వీసులో ఉన్నాయి.

1957 నుంచి కాన్‌బెర్రాలు వచ్చాయి. వాటి బలం దూరం, రాత్రి, బరువు. 1965 సెప్టెంబరులో రాత్రిపూట పెషావర్ దాకా వెళ్లి, 4,000 పౌండ్ల బాంబులు వేసి వచ్చాయి. అక్కడ వరుసగా నిలిపిన శత్రు బాంబర్ల పక్కనే ఒక బాంబు పడింది. కానీ నేల మెత్తన. పేలుడు శక్తి చాలావరకు మట్టిలోనే అణిగిపోయింది. అంత దూరం, అంత టెన్షన్‌తో వెళ్లి, అంత దగ్గరగా వేసినా ఫలితం మట్టిపాలు! దాబోలింలో భవనాలను కాపాడే క్రమంలో పక్కనే నిలిపి ఉన్న విమానాలు కూడా మిగిలిపోయాయి. అది పైలట్ల లోపం కాదు. అయినా పాఠం ఒకటే: రన్‌వేకి గుంతలు పడితే చాలదు. లేవడానికి సరిపడా ముక్క ఎక్కడా మిగలకూడదు.

ఆ పని చేసి చూపించింది మిగ్-21. ఇది బాంబుల కోసం పుట్టిన విమానం కాదు, ఎత్తున శత్రువును వెంటాడే ఫైటర్. తక్కువ దూరం వెళ్తుంది, రెండే బాంబులు మోస్తుంది. 1971 డిసెంబరు 4, 5 తేదీల్లో మనవాళ్లు ఢాకా మీద రాకెట్లతో, తుపాకులతో దాడి చేసి కొన్ని విమానాలు పోగొట్టుకున్నారు, పాకిస్తాన్ సేబర్ ఫైటర్లు మాత్రం ఇంకా ఎగురుతూనే ఉన్నాయి. 6వ తేదీన బిష్ణోయ్ నాయకత్వంలోని 28వ స్క్వాడ్రన్ మిగ్‌లు 500 కిలోల సోవియట్ బాంబులతో ఢాకాలోని తేజ్‌గావ్ విమానాశ్రయం రన్‌వే మీదికి నిటారుగా దిగుతూ బాంబులు వదిలాయి.

ఈ నిటారు దిగుడులోనే కిటుకంతా ఉంది. బాంబు ఏటవాలుగా తక్కువ కోణంలో పడితే కాంక్రీటు మీద జారిపోతుంది, లేదా ఎగిరి పక్కన పడుతుంది. నిటారుగా పడితే పగలగొట్టుకుని లోపలికి దూరుతుంది. బాంబును పేల్చే ఫ్యూజు కాస్త ఆలస్యంగా పేలిస్తే కింద నుంచి పెళ్లగిస్తుంది. అలాంటి గుంత పూడ్చడం పైపైన మట్టి కప్పినంత తేలిక కాదు. వాళ్లు మరమ్మతుకు దిగితే మిగ్‌లు మళ్లీ వచ్చాయి. సేబర్లు అక్కడే నేలకు అతుక్కుపోయాయి, పైలట్లను బర్మా మీదుగా తరలించారు.

అలాగని సరుకు విమానం ఓడిపోయిందా? అదే యుద్ధంలో వశిష్ట్ నాయకత్వంలో 44వ స్క్వాడ్రన్ ఆంటొనోవ్-12లు పాకిస్తాన్‌లోని చాంగా మాంగా అడవిలో దాచిన మందుగుండు మీద రాత్రిపూట బాంబులు దొర్లించాయి. డకోటాల పద్ధతే, బరువు మాత్రం ఎన్నో రెట్లు. చెట్ల మధ్య పరుచుకున్న నిల్వలకు నిటారు గురి అక్కర్లేదు, విస్తారంగా కురిపించే విమానం కావాలి.

అందుకే నా లెక్క ఇది. రన్‌వే, వంతెన లాంటి గట్టి లక్ష్యమైతే మిగ్ దిగుడు. రాత్రి, శత్రు ఫైటర్ల భయం తక్కువ, లక్ష్యం విశాలం అయితే ఆంటొనోవ్. దూరంలో, రాత్రిపూట కొట్టాల్సి వస్తే కాన్‌బెర్రా. ఒక్కటే ఎంచుకోమంటే నేను మిగ్‌నే ఎంచుకుంటాను, ఎందుకంటే శత్రు ఫైటర్లు లేవలేని ఢాకా ఆకాశంలో మిగతా విమానాలన్నీ పగటిపూటే నిశ్చింతగా తిరిగాయి.