కడపలో చేయించిన పిల్లుల బోను

మా తోట సిద్ధవటం వైపు, లంకమల అడవి అంచున ఉంది. ఊళ్లో వదిలేసిన పిల్లులు అక్కడ పెరిగిపోయి, కౌజుపిట్టల ఈకలు గట్ల మీద కనబడసాగాయి. 1900 తర్వాత ఎవరి కంటా పడని కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది ఈ కొండల దగ్గరే. అది రాత్రిపూట నేల మీద తిరిగే పక్షి. పిల్లి వేటకు బయలుదేరేదీ ఆ వేళలోనే. అందుకే ఊరుకోలేకపోయాను.

కడపలో ఒక ఇనుప సామాన్ల దుకాణంలో 1,800 రూపాయలకు మూడడుగుల బోను చేయించాను. లోపలి పలక మీద కాలు పడగానే తలుపు జారి మూసుకుంటుంది. ఎండుచేప ఎరకు మొదటి వారంలోనే నాలుగు పిల్లులు పడ్డాయి. పనితనం గట్టిది. కానీ తలుపు అంచు నున్నగా రాకపోవడంతో ఒక తల్లిపిల్లి ముక్కు కోసుకుపోయింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. సైకిల్ ట్యూబు చీల్చి అంచుకు తొడిగాను. పిల్లి పడగానే గోనెసంచి కప్పితే గింజుకోకుండా ఊరుకుంటుంది. మన ఎండకు ఇనుము కాలుతుంది కనుక రాత్రే పెట్టి, తెల్లవారకముందే చూడాలి. ఒకసారి ముంగిస పడింది, వెంటనే వదిలేశాను.

పట్టిన పిల్లులకు పశువైద్యుడి చేత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాను. అయినా అవి వేట మానవు. అందుకే తిరిగి తోటలో వదలలేదు. రెండింటిని బంధువులు పెంచుకుంటున్నారు, మిగతావి రాత్రిళ్లు మా ధాన్యపు గదిలోనే ఉంటాయి.

బోను కొనండి, అంచు మాత్రం చేత్తో తడిమి చూశాకే డబ్బులివ్వండి.