గొంతు పెంచితే మేలా, తగ్గితే మేలా? రిపబ్లికన్ల తెగని పంచాయితీ

డెమొక్రాట్ల మీద విరుచుకుపడాలా, మర్యాద తప్పకుండా పోరాడాలా? అమెరికాలో రిపబ్లికన్ల మధ్య ఈ గొడవ ఈనాటిది కాదు. విరుచుకుపడాలనేవాళ్ల లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. అధ్యక్ష ఎన్నికల్లో 2008లో మెకెయిన్, 2012లో రామ్నీ పెద్దమనిషి తరహాలో నడిచి ఓడారు. నోటికి అదుపు లేని ట్రంప్ 2016లోనూ 2024లోనూ గెలిచాడు. మధ్యలో 2020లో ఓడింది కూడా అదే నోరని మాత్రం వాళ్లు గుర్తుచేసుకోరు.

ఈ దూకుడుకు అసలు గురువు 1980లలో ప్రతినిధుల సభలో రిపబ్లికన్ సభ్యుడిగా ఉన్న న్యూట్ గింగ్రిచ్. ఆ సభలో అప్పట్లో రిపబ్లికన్ల నాయకుడు బాబ్ మిచెల్. సౌమ్యుడు, డెమొక్రాట్ స్పీకర్ టిప్ ఓనీల్‌తో కలిసి గోల్ఫ్ ఆడేవాడు. పార్టీ మాత్రం ఆ సభలో దశాబ్దాలుగా ప్రతిపక్షంలోనే మగ్గుతోంది. రోజు పని ముగిశాక గింగ్రిచ్ బృందం ఖాళీ కుర్చీల ముందు నిలబడి డెమొక్రాట్లను కడిగేసేది. దమ్ముంటే జవాబు చెప్పమని సవాలు విసిరి, కాసేపు ఆగేది. పలకడానికి అక్కడ మనిషుంటే కదా! కెమెరా మాట్లాడేవాణ్ణే చూపేది కాబట్టి, ఇంట్లో టీవీ ముందున్నవాళ్లకు డెమొక్రాట్లు నోరు మెదపలేకపోయారనిపించేది. 1984 మేలో ఓనీల్‌కు ఒళ్లు మండి, కెమెరాను సభంతా తిప్పించాడు. కొద్దిరోజులకు సభలోనే గింగ్రిచ్‌ను దులిపేశాడు. తీరా చూస్తే స్పీకర్ అన్న మాటలే నిబంధనలకు విరుద్ధమని తేల్చారు. కవ్వించినవాడు బాగానే ఉన్నాడు, కోపం తెచ్చుకున్నవాడు ఇరుక్కున్నాడు.

1994లో రిపబ్లికన్లకు 54 సీట్లు పెరిగాయి, 40 ఏళ్ల తర్వాత సభ చేతికొచ్చింది, గింగ్రిచ్ స్పీకర్ అయ్యాడు. మిచెల్ మర్యాదతో ఇది జరిగేదా అంటే, నాకైతే నమ్మకం లేదు.

చిక్కంతా గెలిచాకే మొదలైంది. బడ్జెట్ పంతంతో 1995–96లో ప్రభుత్వ కార్యాలయాలు 21 రోజులు మూతపడ్డాయి. జనం ఎక్కువగా తిట్టుకున్నది రిపబ్లికన్లనే. 1996లో డెమొక్రాట్ అధ్యక్షుడు క్లింటన్ మళ్లీ గెలిచాడు. 1998లో అతణ్ణి అభిశంసించే ఊపులో ఎన్నికలకెళ్తే ఐదు సీట్లు పోయాయి, గింగ్రిచ్ స్పీకర్ పదవి వదులుకున్నాడు. అతని ఖాతాలో మిగిలిన పెద్ద పనులు 1996 సంక్షేమ చట్టం, 1997 బడ్జెట్ ఒప్పందం. రెండూ క్లింటన్‌తో బేరం కుదిరాక అయినవే.

అందుకే నా ఓటు 1980లలో రిపబ్లికన్ అధ్యక్షుడిగా ఉన్న రీగన్ పద్ధతికి. ఆయన మెతక మనిషేం కాదు. సోవియట్ యూనియన్‌ను ‘దుష్ట సామ్రాజ్యం’ అన్నది ఆయనే. దేశం లోపల మాత్రం తీరు వేరు. ఓనీల్, ఆయన పగలంతా మాటకు మాట అనుకునేవారు. సాయంత్రం ఆరు దాటితే స్నేహితులమే అనేవాడు ఓనీల్. డెమొక్రాట్ల సభ చేతనే రీగన్ 1981లో పన్నులు తగ్గింపజేశాడు. 1983లో ఇద్దరూ కలిసి పింఛన్ల పథకాన్ని గట్టెక్కించారు, దాని కోసం పదవీ విరమణ వయసును మెల్లగా 65 నుంచి 67కు పెంచడానికి కూడా ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది రీగన్ 49 రాష్ట్రాలు గెలిచాడు. మర్యాదస్తులు ఓడిపోతారన్న లెక్క ఇక్కడ తప్పింది.

మెకెయిన్‌ది వేరే సంగతి. 2008 అక్టోబరులో మిన్నెసోటాలోని లేక్‌విల్ ఎన్నికల ప్రచార సభలో ఒకావిడ ఒబామాను అరబ్బు అంది. మెకెయిన్ తల అడ్డంగా ఊపి, మైకు తీసుకుని, ఆయన మంచి కుటుంబీకుడు, నాతో అభిప్రాయభేదాలున్న పౌరుడు, అంతే అన్నాడు. ఒబామా అధ్యక్షుడైతే భయపడక్కర్లేదన్నందుకు అదే సభలో సొంత జనమే గోల చేశారు. ఎన్నికల ఎత్తుగడగా చూస్తే దానితో వచ్చింది సున్నా. అయినా ఆ క్షణాన ఇంకేం అనాలో నాకు తోచదు.

2009 సెప్టెంబరు 9న ఒబామా ఉభయసభల్లో మాట్లాడుతుంటే ‘అబద్ధం చెప్తున్నావ్!’ అని అరిచాడు రిపబ్లికన్ సభ్యుడు జో విల్సన్. సభ 240–179 ఓట్లతో మందలించింది. విరాళాలు వెల్లువెత్తాయి, 2010లో సీటూ నిలబెట్టుకున్నాడు. ఆ అరుపు ఏ ఆరోగ్య బీమా బిల్లు మీదో, అది మాత్రం 2010 మార్చిలోనే చట్టమైపోయింది.