కర్నూలు హోల్‌సేల్ అంగడిలో టాలీ ప్రైమ్: గుమాస్తాకు అలవాటయ్యేదాకా

కర్నూలు కిరాణా హోల్‌సేల్ అంగడికైనా, ఆదోని మండీకైనా టాలీ ప్రైమ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ బాగా సరిపోతుంది. లెక్కలకు సంబంధించి దానికి వంక పెట్టాల్సింది తక్కువ. కొన్న మూడు నెలలకు కూడా పక్కన పాత ఖాతా పుస్తకం నడుస్తూనే ఉందంటే, గుమాస్తాకు దాన్ని అప్పగించిన తీరు సరిగా లేదనుకోవాలి. ఏళ్ల తరబడి చిట్టా, ఖాతా రాసిన మనిషి దీంట్లోకి ఎంత సులువుగా రాగలడన్నదే మేం ఇక్కడ ముఖ్యంగా చూసింది.

కొత్తవాళ్లకు అన్నిటికన్నా పనికొచ్చేది 'గో టు'. ఆల్ట్, జి కలిపి నొక్కి, కావలసిన రిపోర్టు పేరులో నాలుగు అక్షరాలు కొడితే చాలు, మెనూల వరస కంఠస్థం చేయనక్కర్లేదు. బిల్లు సగంలో ఉండగా యజమాని ఫోన్ చేసి ఒక పార్టీ బాకీ ఎంతని అడిగితే, ఆ బిల్లు వదలకుండానే చూసి చెప్పి వెనక్కి రావచ్చు. అలియాస్, అంటే మారుపేరు, కూడా అంత మేలు చేస్తుంది. జీఎస్టీలో ఉన్న పేరు ఒకటి, బజారులో పిలిచే పేరు ఇంకొకటి. లెడ్జర్ (పార్టీ ఖాతా) తెరిచేటప్పుడే పిలుపు పేరునూ ఊరినీ అలియాస్‌లో రాసిపెడితే గుమాస్తా వెతుక్కునే బాధ తప్పుతుంది. ఇది చేయని అంగళ్లలో ఒకే పార్టీకి రెండు మూడు లెడ్జర్లు తయారవుతాయి. ఎదురుగా హమాలీ, ఆటోవాడు నిలబడి ఉంటే, పేరు వెంటనే దొరక్కపోతే ఎవరైనా ఆల్ట్, సి నొక్కి కొత్తది తెరిచేస్తారు. బాకీ రెండు చోట్ల చీలిపోతుంది. అందుకే మొదటి నెల కొత్త లెడ్జర్లు తెరిచే హక్కు ఒక్కరికే ఉండేలా యూజర్ సెట్టింగులు పెట్టండి.

అసలు చిక్కు వసూళ్లలో ఉంది. పాత ఖాతాలో పార్టీకి ఒకే బాకీ మొత్తం, ఎంత కడితే అంత తీసేయడమే. టాలీలో బిల్లు వారీ లెక్క పెట్టుకుంటే, వచ్చిన డబ్బు ఏ బిల్లుకో చెప్పాలి. అంగళ్లు తిరిగే లైన్ నుంచి సేల్స్‌మన్ రౌండు మొత్తం తెస్తాడు, గుమాస్తా దాన్ని ఏ బిల్లుకో చెప్పకుండా 'ఆన్ అకౌంట్' అని వేసి ముందుకు పోతాడు. తీరా చూస్తే ఎన్ని రోజుల బాకీ ఎంతో చెప్పే రిపోర్టు దేనికీ పనికిరాదు. "పార్టీ వేరే చెప్పకపోతే, పాత బిల్లుకు ముందు" అన్న ఒక్క నియమం కాగితం మీద రాసి స్క్రీన్ పక్కన అంటిస్తే ఇది చాలావరకు సర్దుకుంటుంది. నియమం పెట్టాల్సింది యజమాని. ఆ భారం గుమాస్తా మీద వేయడం అన్యాయం.

నేర్చుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. ఎడ్యుకేషనల్ మోడ్ ఉచితం, కాకపోతే నెలలో 1, 2 లాంటి కొన్ని తేదీలకే ఎంట్రీలు తీసుకుంటుంది. కల్పిత పేర్లతో ఒక కంపెనీ తెరిచి, అంగట్లో నిన్నటి బిల్లులే అందులో వేయించండి. షట్టర్ ఎత్తకముందు అరగంట చాలు, సాయంత్రం రద్దీలో ఎవరికీ తలకెక్కదు. ఆ తర్వాత రెండు వారాలు పుస్తకం, టాలీ రెండూ నడిపి, రోజూ రాత్రి నగదు నిల్వనూ ఓ ఐదు పార్టీల బాకీనీ పోల్చండి. తేడా రాకపోతే పుస్తకం మూసేయండి. అంతకుమించి రెండూ సాగితే మనిషి అలిసిపోయి, టాలీనే వాయిదా వేస్తాడు.

టాలీ పాత వెర్షన్ ఈఆర్‌పీ 9 నుంచి వచ్చేవాళ్లకు ఎఫ్4 నుంచి ఎఫ్9 దాకా మీటలు అవే. తడబడేది సరుకు వాపసు నోట్ల దగ్గరే: కొన్నది వెనక్కి పంపితే వేసే డెబిట్ నోటు ఇప్పుడు ఆల్ట్ ఎఫ్5, అమ్మింది వెనక్కి వస్తే వేసే క్రెడిట్ నోటు ఆల్ట్ ఎఫ్6. బిల్లు వేసే తీరు (మోడ్) మార్చడానికి కంట్రోల్ హెచ్. పాత డేటాను ప్రైమ్‌లోకి మార్చేముందు బ్యాకప్ వేరే డ్రైవ్‌లో పెట్టండి.

ఎడిట్ లాగ్ గురించి ముందే మాట్లాడాలి. ఎవరు, ఎప్పుడు, ఏం దిద్దారో అది నమోదు చేస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలకు ఇలాంటి నమోదు తప్పనిసరి, సొంత వ్యాపారాలకూ భాగస్వామ్యాలకూ ఆ నిబంధన లేదు. చెప్పకుండా పెడితే తమను దొంగల్లా చూస్తున్నారని గుమాస్తాలు నొచ్చుకుంటారు, తప్పు దిద్దడానికి కూడా జంకుతారు. ఎవరి పాస్‌వర్డు వాళ్లకిచ్చి, ఒకరి పొరపాటు ఇంకొకరి మీద పడకుండా ఇది కాపాడుతుందని వివరించండి.

శిక్షణ ఎలా జరిగిందో 2025 సెప్టెంబర్ 22న తేలిపోయింది. ఆ రోజు నుంచి జీఎస్టీ రేట్లు మారి సబ్బులు, బిస్కెట్లు 18 నుంచి 5 శాతానికి, నెయ్యి 12 నుంచి 5కు దిగాయి. రేటు స్టాక్ గ్రూపులో (సరుకుల గుంపు) ఉందా, ఐటెమ్‌లో (ఒక్కో సరుకు) ఉందా తెలిసినవాళ్లు అమలు తేదీ వేసి మార్చుకున్నారు. మీటల వరస మాత్రమే బట్టీ పట్టినవాళ్లు బిల్లు బిల్లుకూ చేత్తో దిద్దాల్సి వచ్చింది. నేర్పేవాళ్లను మాట్లాడుకునేటప్పుడు, ఈ రేటు మార్పును గుమాస్తాతోనే చేయించి చూపమని అడగండి.

లైసెన్సు విషయానికొస్తే, సిల్వర్ ఒక కంప్యూటరుకే. ఇద్దరు గుమాస్తాలుంటే గోల్డ్ తీసుకోండి. కుర్చీ ఖాళీ అయ్యేదాకా కూర్చోబెడితే రెండోవాడు పాత పుస్తకం తెరుస్తాడు.