ఆర్‌జే31ఎక్స్ జాక్: పది డాలర్ల డబ్బాలో చూసుకోవాల్సిన స్ప్రింగులు

అమెరికా ఇళ్లలో దొంగల అలారం ప్యానెల్ పక్కన గోడకి బిగించి ఉండే ఎనిమిది పిన్నుల జాక్ ఇది. చూస్తే నెట్‌వర్క్ జాక్‌లా ఉంటుంది, చేసే పని వేరు. బయటి లైన్ 4, 5 పిన్నులకి వస్తుంది. అక్కణ్ణించి ఎరుపు, ఆకుపచ్చ తీగల మీద ప్యానెల్లోకి వెళ్లి, గోధుమ, బూడిద రంగు తీగల మీద 1, 8 పిన్నులకి తిరిగొచ్చి ఇంట్లో ఫోన్లకి చేరుతుంది. అలారం మోగగానే ప్యానెల్ లోపలి రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ఇంటి ఫోన్లను తెంపేసి లైన్ తన చేతికి తీసుకుంటుంది, ప్యానెల్ మానిటరింగ్ సెంటర్‌కి, అంటే అలారాలను కనిపెట్టి చూసే ఆఫీసుకి, కాల్ చేస్తుంది. దొంగ వంటింట్లో రిసీవర్ ఎత్తి పక్కన పెట్టినా కాల్ ఆగదు.

ప్లగ్ ఊడదీస్తే జాక్‌లోని స్ప్రింగులు 1ని 4తో, 5ని 8తో కలిపేస్తాయి. ప్యానెల్ రిపేరుకి వెళ్లినా ఫోన్లు పనిచేస్తాయి. చవక రకాల్లో తేడా వచ్చేది ఇక్కడే: ప్లగ్ పెట్టినా స్ప్రింగు పైకి లేవదు. రోజువారీ ఏమీ తెలియదు, ఫోన్లు మామూలుగానే ఉంటాయి, కానీ లైన్ మాత్రం ప్యానెల్ చేతికి రాదు. అందుకే గోడకి బిగించకముందే మీటరు (తీగలు కలిస్తే బీప్ అనే మల్టీమీటర్) పెట్టాలి. ఖాళీ జాక్‌లో 1-4 మధ్య బీప్ రావాలి. తీగ రెండో కొస ఎక్కడా కలపకుండా ప్లగ్ గుచ్చితే బీప్ ఆగాలి. 5-8కీ అంతే. మామూలు ఆరు పిన్నుల ఫోన్ ప్లగ్ ఇందులో గుచ్చకండి, అంచు పిన్నులు వంగిపోతాయి.

తీగలు ముట్టుకునే ముందు ఇంటి బయటి టెలిఫోన్ పెట్టెలో, ఇంటి తీగలని బయటి లైన్‌కి కలిపే చిన్న టెస్ట్ ప్లగ్ లాగెయ్యాలి. ఊరికే ఉన్న లైన్లో 48 వోల్టుల డీసీయే అయినా, రింగ్ వస్తే 90 వోల్టుల దాకా ఏసీ ఉంటుంది. బాగానే కొడుతుంది. జాక్ ఆ పెట్టె తర్వాత మొట్టమొదటిది కావాలి. మధ్యలో ఒక్క ఫోన్ ఉన్నా ఇంత పనీ దండగ. వచ్చే జత, పోయే జత తారుమారైతే డయల్ టోన్ వినిపిస్తూనే ఉంటుంది, అలారం మోగినప్పుడు మాత్రం ప్యానెల్ తన లైన్ తనే కోసుకుంటుంది.

డీఎస్ఎల్ (ఫోన్ తీగ మీదే వచ్చే ఇంటర్నెట్) ఉంటే, దాన్నీ ఫోన్‌నీ విడగొట్టే స్ప్లిటర్ జాక్‌కి ముందే పెట్టి, మోడెమ్‌కి విడి తీగ లాగాలి. ఇంటర్నెట్ ఫోన్ అయితే బయటి రాగి లైన్‌ని పెట్టె దగ్గరే పూర్తిగా విడదీశాకే ఇంటర్నెట్‌ని ఫోన్ లైన్‌గా మార్చే అడాప్టర్ని 4, 5కి కలపాలి, లేదంటే 48 వోల్టులు ఎదురొచ్చి అడాప్టర్ కాలిపోవచ్చు. కోడెక్ (శబ్దాన్ని డిజిటల్‌గా మార్చే పద్ధతి) జీ.711 ఉండాలి, జీ.729 కుదింపులో ప్యానెల్ పంపే టోన్లు చెడిపోతాయి. కరెంటు పోతే ప్యానెల్‌కి సొంత 12 వోల్టుల బ్యాటరీ ఉంది, మోడెమ్‌కి మామూలుగా ఉండదు. దానికి యూపీఎస్ కొనాల్సిందే.

జాక్‌తో వచ్చే తీగ పొట్టిది, అదొక్కటే చిరాకు. బిగించాక మానిటరింగ్ సెంటర్‌కి ఫోన్ చేసి ఖాతాని టెస్ట్‌లో పెట్టించండి, అంటే వచ్చే సిగ్నల్‌ని నిజం అలారం అనుకోకుండా. ఒక రిసీవర్ ఎత్తి పక్కన పెట్టి అలారం మోగించండి. రిసీవర్లో టోన్ ఆగిపోయి, సెంటర్‌కి సిగ్నల్ చేరి, కాల్ ముగిశాక టోన్ తిరిగొస్తే జాక్ సరిగ్గా బిగిసినట్టు.