ఉద్దానంలో చేతి బోరింగు, ఏడేళ్ళు కొట్టాక చెప్తున్నా

తిత్లీ తుఫాను వచ్చింది 2018 అక్టోబర్ 11 తెల్లారుజామున, దసరా రోజులు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో సోంపేట దగ్గర పల్లె. పెరట్లో పద్నాలుగు కొబ్బరి చెట్లుంటే తెల్లారి చూసేసరికి మూడు మిగిలాయి, జీడి తోట మాట ఇప్పటికీ మా అత్త దగ్గర ఎత్తను. మాకు పన్నెండు రోజులు కరెంటు లేదు. బియ్యం ఉన్నాయి, చోడి పిండి ఉంది, ఎండు చేపలున్నాయి, తిండికి ఇబ్బంది పడలేదండి. నీళ్ళకే అల్లాడిపోయాం. బోరుంది, మోటారుంది, మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకుంది, అన్నీ ఉండి రెండో రోజు మధ్యాహ్నానికి ఇంట్లో చెంబుడు నీళ్ళు లేవు, నుయ్యి చూస్తే కొబ్బరి మట్టలు పడి నల్లగా ఉంది. ట్యాంకర్ వచ్చిందంటే పిల్లని చంకనేసుకుని బిందె పట్టుకుని పరిగెత్తేదాన్ని.

అందుకే ఆ డిసెంబర్లోనే పెరట్లో చేతి బోరింగు దిగబెట్టించాం, పోత ఇనుముది, పాతకాలం రకం. పంపు, పైపులు, గట్టు, కూలి అంతా కలిపి 11 వేలు దాటింది. మా ఆయన ఫోన్లో "ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి ఇన్వర్టర్ కొనొచ్చు కదా" అన్నారు. ఇన్వర్టర్ తర్వాత కొన్నాం, ఫ్యాన్లకీ లైట్లకీ ఫోన్లకీ బాగుంది, కానీ ఇంట్లో వాడే మామూలు ఇన్వర్టర్ మీద ఒక హెచ్‌పీ మోటారు నడవదు, స్టార్టింగ్‌లోనే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. నీళ్ళకి మాత్రం బోరింగే.

కొనే ముందు ఒకటి చూసుకోండి. ఈ రకం పంపు గాలి లాగి నీటిని పైకి తెస్తుంది కాబట్టి నీళ్ళు పాతిక అడుగుల లోపే ఉండాలి, అంతకంటే లోతైతే ఎంత కొట్టినా రావు, దానికి వీధుల్లో ఉండే పెద్ద బోరింగు లాంటిది కావాలి. మాది ఇసక నేల, ఎండాకాలంలో కూడా పదిహేను పదహారు అడుగుల్లో దొరుకుతాయి. మరుగుదొడ్డి గుంతకి కనీసం యాభై అడుగుల దూరంలో వేయించండి.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, 2021 సెప్టెంబర్ 26 రాత్రి గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటినప్పుడు. కరెంటు పోయింది, ట్యాంకు ఖాళీ, నేను గొడుగేసుకుని వెళ్ళి కొడుతుంటే పంపు చెయ్యి తేలిగ్గా కిందకీ పైకీ ఆడుతోంది, లోపల గస గస శబ్దం తప్ప చుక్క రాదు. నాలుగు నెలలు వాడలేదు, లోపల తోలు వాషరు ఎండి ముడుచుకుపోయింది. అత్త గుమ్మంలోంచి "పైన నీళ్ళు పొయ్యకుండా ఎంత కొడితే ఏటి లాభమమ్మా" అని కేకేసింది. చూరు కింద పెట్టిన బాల్చీలో వాన నీళ్ళుంటే ఒక చెంబు పంపు తల మీద పోసి, వాషరు నాననిచ్చి, మళ్ళీ పోసి కొడితే అప్పుడు చెయ్యి బరువెక్కింది. ముందు తుప్పు నీళ్ళు ఎర్రగా, తర్వాత తేటగా వచ్చాయి. బిందెకి పాతిక సార్లు కొట్టాలి, నలుగురికి స్నానాలూ గిన్నెలూ అన్నీ వెళ్ళిపోయాయి.

అప్పట్నుంచి ఆదివారం ఆదివారం అవసరం ఉన్నా లేకపోయినా రెండు బిందెలు కొడతాం, పక్కన మూత పెట్టిన సీసాలో నీళ్ళెప్పుడూ ఉంటాయి. వాషరు ఏడేళ్ళలో మూడు సార్లు మార్చాం, పైన బోల్టులు విప్పితే వచ్చేస్తుంది, మా పన్నెండేళ్ళ మేనల్లుడు కూడా మార్చేశాడు.

తాగడానికి మాత్రం ఈ నీళ్ళు వాడం. ఉద్దానంలో కిడ్నీ జబ్బు బాధ పడని వీధి లేదు, దానికి కారణం ఫలానా అని ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు, మరిగిస్తే క్రిములు పోతాయి గానీ నీళ్ళలో కరిగిన ఉప్పులు పోవు. అందుకే తుఫాను అనగానే ఇరవై లీటర్ల క్యాన్లు మూడు నింపి పెడతాం. 2023 డిసెంబర్లో హిరమండలం రిజర్వాయర్ నీళ్ళిచ్చే పథకం ప్రారంభించారు, మంచిదే, కానీ అవీ మోటార్లు తిరిగితేనే కదా వచ్చేది.

పైపు కీలు దగ్గర ఈమధ్య గాలి పీలుస్తోంది, వానలు పడేలోపు అది విప్పి దారం చుట్టి బిగించాలి. వాషర్లు రెండు కొబ్బరి నూనెలో నానబెట్టి డబ్బాలో వంటింటి అరమీద పెట్టా.