హేడ్రియన్ గోడ వెంట సైకిల్ టూర్ కొంటున్నారా? రూట్ మ్యాప్ చూడకుండా డబ్బు కట్టకండి

యూకేలో ఉంటూ సెలవులకు ఉత్తర ఇంగ్లండ్‌లోని హేడ్రియన్ గోడ వెంట సైకిల్ ప్యాకేజ్ కొనాలనుకునే మన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వెళ్లొద్దని అనడం లేదు, ఆ ప్రాంతం తప్పకుండా చూడాల్సిందే. కానీ రూట్ ఏ రోడ్ల మీదుగా పోతుందో మీ కళ్లతో చూసుకున్నాకే అడ్వాన్స్ కట్టండి. మేం కొన్న ప్యాకేజ్ ప్రకటనలో ‘రోమన్ గోడను ఆనుకుని, ట్రాఫిక్ లేని పల్లె రోడ్ల మీద’ అని ఉంది. గోడ బాగా నిలిచి ఉన్న మధ్య భాగంలో ఆ రెండూ ఒకేచోట దొరకవు. ఎందుకు దొరకవో తెలిస్తే ఏ కంపెనీ ప్రకటన చూసినా నిజమెంతో మీకే అర్థమైపోతుంది.

రోమన్ చక్రవర్తి హేడ్రియన్ కాలంలో, క్రీ.శ. 122లో ఈ గోడ మొదలైంది. పశ్చిమాన సముద్రపాయ ఒడ్డున ఉన్న బోనెస్-ఆన్-సాల్వే నుంచి తూర్పున న్యూకాజిల్ పక్కన వాల్స్‌ఎండ్ దాకా 73 మైళ్లు, అంటే సుమారు 117 కిలోమీటర్లు. 1987 నుంచి ప్రపంచ వారసత్వ సంపద. ఫొటోల్లో కనిపించే రాతి గుట్టల భాగంలో గోడకు దగ్గరగా పోయే పెద్ద రోడ్డు బీ6318. అక్కడివాళ్లు మిలిటరీ రోడ్ అంటారు. 1745లో జాకబైట్లు, అంటే గద్దె పోగొట్టుకున్న స్టువర్ట్ రాజవంశం మద్దతుదారులు, తిరుగుబాటు చేసినప్పుడు న్యూకాజిల్‌లో ఉన్న సైన్యం సరైన రోడ్డు లేక పశ్చిమాన ఉన్న కార్లైల్‌ను ఆదుకోలేకపోయింది. అందుకని 1750లలో సైన్యం కోసమే ఈ రోడ్డు వేశారు. న్యూకాజిల్ వైపు భాగంలో చాలా దూరం రోమన్ గోడను పడగొట్టి, ఆ రాళ్ల మీదే రోడ్డు పోశారు. అంటే ‘రోమన్ గోడ మీదే తొక్కుకుంటూ వెళ్తారు’ అని కంపెనీ రాసిన మాట అబద్ధం కాదు. ఆ తొక్కేది ఎలాంటి రోడ్డు మీదో మాత్రం రాయలేదు.

తిన్నగా, మైళ్ల కొద్దీ మలుపు లేకుండా పోయే రోడ్డు అది. ఊళ్ల బయట ఇలాంటి రోడ్లకు మామూలు వేగ పరిమితి గంటకు 60 మైళ్లు, దాదాపు 96 కిలోమీటర్లు. తిన్నగా ఉందని డ్రైవర్లు వేగం తగ్గించరు. పైగా రోడ్డు మాటిమాటికీ పల్లంలోకి దిగి మళ్లీ లేస్తుంది. పల్లంలో ఉన్న సైకిల్ వెనక నుంచి వచ్చే కారుకు దగ్గరికొచ్చేదాకా కనపడదు. పక్కకు తప్పుకుందామంటే తారు అయిపోగానే గడ్డి గట్టు.

ముందు మా ఆయన, తర్వాత పదిహేనేళ్ల మా అబ్బాయి, వాడి వెనక నేను, చివర మా తమ్ముడు వెళ్తున్నాం. అలాంటి ఒక పల్లంలోనే పశువుల ట్రెయిలర్ కట్టుకున్న జీపు ఒకటి మమ్మల్ని దాటింది. ఎదురుగా ఇంకో కారు వస్తుండటంతో జీపు మా వైపుకే ఒరిగింది. జీపు దాటిపోయాక కూడా ట్రెయిలర్ ఇంకా మా పక్కనే ఉంది, దాని ఇనుప చువ్వలు మా అబ్బాయి మోచేతికి జానెడు దూరంలో కదిలాయి. ఆ గాలి ఊపుకు వాడి ముందు చక్రం గడ్డిలోకి జారింది. పడలేదు, దేవుడి దయ. దిగి నిలబడ్డాడు, మొహం పాలిపోయింది. ‘అమ్మా, నేనిక తొక్కను’ అన్నాడు. ‘అక్కా, ముందు ఈ రోడ్డు వదిలేద్దాం, దారి సంగతి తర్వాత చూద్దాం’ అన్నాడు తమ్ముడు. దక్షిణానికి తిరిగే చిన్న రోడ్డు వచ్చేదాకా సైకిళ్లు నడిపించుకుంటూ గట్టు మీదే వెళ్లాం. యూకే రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ ప్రకారం గంటకు 30 మైళ్ల లోపు వేగంలోనే సైకిల్‌కు కనీసం ఒకటిన్నర మీటర్ల ఎడం ఇవ్వాలి, వేగం పెరిగితే ఇంకా ఎక్కువ ఇవ్వాలి. ఆ రోడ్డు మీద ఎదురు బండి వస్తుంటే అంత ఎడం ఇచ్చే చోటే ఉండదు.

కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్లు చెప్పిన పరిష్కారం వినండి. ‘ట్రాఫిక్ ఇబ్బందిగా ఉంటే గోడ పక్కన ఉన్న బాట మీద వెళ్లండి’ అన్నారు. ఆ బాట హేడ్రియన్స్ వాల్ పాత్, 84 మైళ్ల నడక దారి. అది నడిచేవాళ్ల కోసం, చాలా భాగం సైకిల్ తొక్కడానికి అనుమతి లేదు. పొలాల మధ్యగా, గొర్రెల కంచెలు ఎక్కి దిగే మెట్ల మీదుగా పోతుంది. సామాను సంచులు తగిలించిన సైకిల్‌ను భుజాన వేసుకుని ఆ మెట్లు ఎక్కమని సలహా ఇచ్చినవాళ్లు ఆ దారి ఎన్నడూ చూసి ఉండరు.

అసలైన సైకిల్ దారి వేరే ఉంది. దాని పేరు హేడ్రియన్స్ సైకిల్‌వే, జాతీయ సైకిల్ నెట్‌వర్క్‌లో 72వ నంబరు. కంబ్రియా తీరంలోని రేవెన్‌గ్లాస్ నుంచి టైన్ నది ముఖద్వారం దాకా సుమారు 170 మైళ్లు. నీలం బోర్డు మీద తెల్ల సైకిల్ బొమ్మ, ఎర్ర చదరంలో 72 అని కనిపిస్తుంది. ఈ దారి మధ్య భాగంలో మిలిటరీ రోడ్‌ను తప్పించుకుని, గోడకు కాస్త దక్షిణంగా పోతుంది. కొంత దూరం స్టేన్‌గేట్ మీదుగానే వెళ్తుంది. గోడ కట్టకముందే కార్బ్రిడ్జ్, కార్లైల్ మధ్య రోమన్లు వేసుకున్న రోడ్డు ఇది. మేం ఆ రోజు దిగిన చిన్న రోడ్డు చివరికి దీన్నే కలిసింది. వింధొలాండా అనే రోమన్ కోట పక్కన రోమన్ మైలురాయి ఒకటి పాతిన చోటే ఇప్పటికీ నిలబడి ఉంది. నున్నటి రాతి స్తంభం, మనిషంత ఎత్తు, మీద పసుపుపచ్చ నాచు. అక్కడ సైకిళ్లు ఆపితే గొర్రెల అరుపులు తప్ప ఇంకేమీ వినపడలేదు. మాకు ప్రకటనలో అమ్మింది ఈ రోడ్డు, కంపెనీ పంపిన రూట్ ఫైల్‌లో ఇచ్చింది ఆ మిలిటరీ రోడ్డు. నాకు కోపం వచ్చింది అక్కడే.

ఇక సైకిళ్లు. ‘సర్వీసింగ్ చేసిన టూరింగ్ సైకిళ్లు’ అన్నారు. మా ఆయన సైకిల్ వెనక బ్రేక్ లీవర్ హ్యాండిల్‌కు తగిలేదాకా నొక్కినా బండి ఆగలేదు. బ్రేక్ ప్యాడ్లు అరిగి గాడి కూడా మిగల్లేదు. కొండ మీది రోడ్ల నుంచి టైన్ లోయలోకి దిగే దారులు నిటారుగా ఉంటాయి, అక్కడ బ్రేక్ లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. సైకిల్ చేతికిచ్చినప్పుడే రెండు బ్రేకులూ నొక్కి చూడండి, గేర్లన్నీ మార్చి చూడండి, టైర్లు ఫొటో తీసి పెట్టుకోండి. తీసుకొచ్చినతను తొందరపెడతాడు, పట్టించుకోకండి.

‘రోమన్ ప్రదేశాల ప్రవేశం కలిపి’ అన్న మాట మీద కూడా గట్టిగా నిలదీయండి. వాళ్ల జాబితాలో ఉన్నవి కారాబరోలోని మిత్రాస్ అనే రోమన్ సైనికుల దేవుడి గుడి, గిల్స్‌ల్యాండ్ దగ్గర చిన్న కాపలా కోట శిథిలాలు లాంటివి. అవి ఎవరికైనా ఉచితమే. టికెట్ ఉండే రోమన్ కోటలు హౌస్‌స్టెడ్స్, చెస్టర్స్, బర్డోస్వాల్డ్, వింధొలాండా వేటికీ టికెట్లు రాలేదు. మొదటి మూడూ ఇంగ్లిష్ హెరిటేజ్ అనే సంస్థ చూసుకుంటుంది, వింధొలాండాకు వేరే ట్రస్ట్ ఉంది. ఒక్క పాస్‌తో అన్నీ తిరగొచ్చని ఎవరైనా చెబితే ఏ సంస్థ పాసో పేరు అడగండి.

ఒక్క చోటుకే డబ్బు పెట్టగలిగితే మాత్రం వింధొలాండాకే పెట్టండి. 1973 నుంచి అక్కడి బురదలో దొరుకుతున్న పల్చటి చెక్క పలకల మీద సిరాతో రాసిన ఉత్తరాలున్నాయి. క్రీ.శ. 100 ప్రాంతంలో క్లాడియా సెవెరా అనే ఆవిడ తన స్నేహితురాలు సల్పీసియా లెపిడీనాను పుట్టినరోజుకు రమ్మని పిలిచిన ఉత్తరం వాటిలో ఒకటి. ఇంకో పలక మీది లెక్కల్లో ఒక సైనికుడు మిరియాలకు రెండు డినారీలు (రోమన్ వెండి నాణేలు) పెట్టినట్టు ఉంది. మిరియాలంటే మన దేశం నుంచి ఓడల్లో వెళ్లినవే. అంత దూరం మన సరుకు చేరిందని చెప్పగానే మా అబ్బాయి అప్పటిదాకా ఉన్న భయం మరిచి ప్రశ్నలు మొదలుపెట్టాడు.

రైలు విషయం చిన్నది కానీ నలుగురైదుగురు వెళ్లేవాళ్లకు పెద్ద టెన్షన్. ‘చివర్లో రైలెక్కి మొదలుపెట్టిన చోటికి వచ్చేయండి’ అని ప్యాకేజ్‌లో ఉంటుంది. న్యూకాజిల్, కార్లైల్ మధ్య నడిచే నార్తర్న్ కంపెనీ రైళ్లలో సైకిళ్లకు సాధారణంగా రెండే చోట్లు, రిజర్వేషన్ లేదు, ముందు ఎక్కినవాళ్లవే. నాలుగు సైకిళ్లయితే విడిపోయి వేర్వేరు రైళ్లలో రావాల్సి రావచ్చు. పశ్చిమాన బర్గ్-బై-సాండ్స్ నుంచి బోనెస్ వైపు పోయే చిత్తడి నేల రోడ్డు సముద్రం పోటెత్తినప్పుడు నీట మునుగుతుంది. కాబట్టి ఆ రోజు పోటు వేళలు చూసుకుని బయల్దేరాలి. మాకిచ్చిన కాగితాల్లో ఈ ఊసే లేదు. బస చేసే హోటల్ ఆవిడ చెప్పబట్టి బయటపడ్డాం.

డబ్బు సంగతి శ్రద్ధగా చదవండి. ఫిర్యాదు చేస్తే ఆ కంపెనీ నీళ్లు నమిలింది. ‘మేం బుకింగ్ ఏజెంట్లం మాత్రమే, సైకిళ్లు వేరేవాళ్లవి, రూట్ సూచన మాత్రమే’ అని చేతులెత్తేసింది. యూకేలో 2018 నాటి ప్యాకేజ్ ట్రావెల్ నిబంధనలున్నాయి. బస, దాంతోపాటు సైకిల్ టూర్ లాంటి ముఖ్యమైన సేవ కలిపి ఒకే ధరకు అమ్మితే సాధారణంగా అది ప్యాకేజ్ కిందికి వస్తుంది. అప్పుడు పని వేరేవాళ్లతో చేయించినా బాధ్యత నిర్వాహకుడిదే. అయితే లోపం కనపడగానే వాళ్లకు చెప్పాలి. ఇంటికొచ్చాక చెబితే కేసు బలహీనపడుతుంది. ఫోన్‌లో చెప్పినా వెంటనే మెయిల్ కూడా పెట్టండి, బుక్ చేసిన రోజే ప్రకటన స్క్రీన్‌షాట్ తీసుకోండి. మేం తీసి పెట్టుకున్న స్క్రీన్‌షాటే మమ్మల్ని కాపాడింది, ఎందుకంటే తర్వాత వాళ్ల వెబ్‌సైట్‌లో ‘ట్రాఫిక్ లేని’ పోయి ‘తక్కువ ట్రాఫిక్ ఉన్న’ అని వచ్చింది.

చెల్లింపు క్రెడిట్ కార్డుతోనే చేయండి. 100 పౌండ్లు దాటి, 30,000 పౌండ్లకు మించని కొనుగోలైతే 1974 వినియోగదారుల రుణ చట్టం సెక్షన్ 75 కింద కార్డు బ్యాంకు కూడా బాధ్యత వహించాలి. మధ్యలో ఇంకో వెబ్‌సైట్ ద్వారా కడితే ఈ రక్షణ పోయే ప్రమాదం ఉంది, నేరుగా కంపెనీకే కట్టండి. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువుల్లా 14 రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చని అనుకోకండి, ఫలానా తేదీలకు బుక్ చేసిన బసలకూ టూర్లకూ అది వర్తించదు. మాకు బ్యాంకు ద్వారా కొంత డబ్బు తిరిగొచ్చింది, మిగతాదాని కోసం ఇంకా పోరాడుతున్నాం.

బుక్ చేసే ముందు కంపెనీని జీపీఎక్స్ ఫైల్, అంటే ఫోన్‌లో మ్యాప్ మీద రూట్ గీతను చూపే ఫైల్, అడగండి. ‘డబ్బు కట్టాకే ఇస్తాం’ అంటే రోజువారీగా ఏ ఊళ్ల మీదుగా, ఏ నంబరు రోడ్ల మీద వెళ్తామో మెయిల్‌లో రాసివ్వమనండి. అదీ ఇవ్వకపోతే వదిలేయండి. ఫైల్ వస్తే బ్రిటన్ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వేసిన ఓఎల్43 మ్యాప్ పక్కన పెట్టుకుని చూడండి. మధ్య భాగంలో మీ గీత వింధొలాండా, న్యూబ్రో, ఫోర్‌స్టోన్స్ మీదుగా హెక్సమ్‌కు దిగుతుంటే ఫర్వాలేదు. బీ6318 మీద గీత మైళ్ల కొద్దీ తిన్నగా సాగుతుంటే రూట్ మార్చమని అడగండి. హౌస్‌స్టెడ్స్, చెస్టర్స్ ఆ రోడ్డు మీదే ఉన్నాయి కాబట్టి వాటికి సైకిల్ బసలో వదిలేసి, సీజన్‌లో నడిచే ఏడీ122 బస్సులో వెళ్లొచ్చు. ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లు బయల్దేరే రోజుదాకా ఆగకుండా ఈ వారమే మెయిల్ పెట్టండి, జవాబు రాతలో తీసుకోండి.