పటం గుర్తులు నేర్పడానికి ఏది మేలు: అట్లాసా, ఫోనా, టోపోషీటా?

చెన్నై వెస్ట్ మాంబళంలో సాయంత్రాలు సాంఘిక శాస్త్రం చెప్పే నన్ను, బడులు తెరిచే జూన్ నెలలో తెలుగు తల్లిదండ్రులు ఏటా ఒకే ప్రశ్న అడుగుతారు. పటానికి దూరం, దిక్కు, గుర్తులు అని మూడు అంగాలుంటాయని ఆరో తరగతిలో చెబుతారు; మొదటి రెండింటినీ పిల్లలు సులువుగానే పట్టుకుంటారు గానీ, గుర్తుల దగ్గరికి వచ్చేసరికి బట్టీ పట్టడం మొదలవుతుంది. అందుకని మంచి అట్లాసు కొనాలా, ఫోనులో మ్యాపు చూపిస్తే చాలదా, లేక మీరు బల్ల మీద పరిచే ఆ పెద్ద కాగితం తెప్పించాలా అని అడుగుతారు. ఆ పెద్ద కాగితం సర్వే ఆఫ్ ఇండియా వారి టోపోషీటు, అంటే ఒక చిన్న ప్రాంతపు నేలను వాగులూ బావులతో సహా వివరంగా చూపే పటం. నా మొగ్గు దాని వైపే అని ముందే చెప్పేస్తున్నాను, అయితే మిగిలినవాటికి పనిలేదని కాదు.

అట్లాసుతో ఉన్న సౌకర్యం తెలియనిది కాదు: చవక, చేతిలో ఇముడుతుంది, పరీక్షలో అడిగే నదులూ పర్వతాలూ అన్నీ అందులోనే ఉంటాయి. ఇబ్బందల్లా సూచిక, అంటే ఏ గుర్తుకు ఏది అర్థమో చెప్పే పట్టిక, చాలావరకు మొదటి పుటల్లో ఉండిపోవడం. పిల్లలు దాన్ని ఒకసారి చూసి, ఆ తరువాత రంగును బట్టి ఊహించుకుంటూ పోతారు. భౌతిక పటంలో నెల్లూరు తీరమంతా ఆకుపచ్చగా కనిపిస్తే, అక్కడంతా దట్టమైన అడవులు ఉన్నాయని మా ఏడో తరగతి అమ్మాయి ఒకతె శ్రద్ధగా రాసుకొచ్చింది. ఆ పచ్చదనం సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న పల్లపు నేలకు వేసిన రంగు మాత్రమే. రెండు పుటలు తిప్పితే రాజకీయ పటంలో అదే ఆకుపచ్చ, పక్క రాష్ట్రంతో కలిసిపోకుండా వేరుగా చూపడానికి వాడిన రంగు అవుతుంది. రంగుకు దానంతట దానికి అర్థం లేదని, ఆ పటం సూచిక ఏది చెబితే అదే అర్థమని పిల్లలకు తెలియాలి. అట్లాసు ఆ మాట చెప్పగలదు గానీ, ప్రతిసారీ సూచిక వైపు చూసేలా వారిని బలవంతపెట్టలేదు.

ఫోనులో ఈ చిక్కు ఇంకా పెద్దది, ఎందుకంటే మామూలుగా తెరిచిన మ్యాపు మీద సూచిక కనిపించదు. పైగా వేళ్లతో పెద్దది చేస్తే కొత్త గుర్తులు పుట్టుకొస్తాయి, చిన్నది చేస్తే మాయమవుతాయి. చెన్నై పిల్లలకు ఎర్ర రోడ్డంటే ట్రాఫిక్ జామ్ అని ఫోనే నేర్పింది. టోపోషీటు మొదటిసారి చూసినప్పుడు, ఎర్రగా ఉన్న తారు రోడ్లన్నీ చూపించి 'ఇంత ట్రాఫికా మిస్' అన్నవారు ఏ సంవత్సరమూ తక్కువ లేరు. అయితే ఉపగ్రహ చిత్రాన్ని టోపోషీటు పక్కన పెట్టుకుని, కాగితం మీది గుర్తు నేల మీద ఎలా ఉందో పోల్చుకోవడానికి ఫోనును మించినది లేదు. ఆ ఒక్క పనికి నేనూ వాడతాను.

గోడ పటం తరగతి గదికి అందం. మెట్రో పటం ఒక పూటకు పనికొస్తుంది: నీలం అంటే నీళ్లని పట్టుబట్టే పిల్లవాడికి, విమానాశ్రయం దాకా వెళ్లే బ్లూ లైన్ చూపిస్తే వాదన ముగుస్తుంది. మూడు, నాలుగు తరగతుల వారికి మాత్రం ఏదీ కొననక్కరలేదు. తమ వీధిని తామే గీసి, పాలబూత్‌కూ గుడికీ తమ గుర్తులు తామే పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక టోపోషీటు. 1:50,000 స్కేలులో ఒక్కో షీటు అక్షాంశ రేఖాంశాల్లో పావు డిగ్రీ చొప్పున, అంటే సుమారు 27 కిలోమీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న నేలను చూపిస్తుంది. రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. సూచిక అదే కాగితం అంచున ఉంటుంది, దాన్ని తప్పించుకోవడానికి వీలుండదు. కానీ నేను దాన్ని ఎంచుకోవడానికి అసలు కారణం సూచిక ఉన్న చోటు కాదు, అది రాసిన తీరు. అందులోని చాలా పంక్తులు ఒక వస్తువు పేరు చెప్పి ఊరుకోవు, దాని స్థితులను పక్కపక్కన పెడతాయి. చెరువులు: నిత్యం నీరున్నవి, ఎండినవి. బావులు: ఒర కట్టినవి, కట్టనివి. గ్రామాలు: జనం ఉన్నవి, విడిచిపోయినవి. గుడిసెలు: శాశ్వతం, తాత్కాలికం. తాడిచెట్టుకు ఒక గుర్తు, మిగిలిన తాళజాతి చెట్లకు మరొకటి, అరటికి వేరు, వెదురుకు వేరు. అట్లాసులో 'ఇది నది' అని నేర్చుకున్న పిల్లవాడు ఇక్కడ 'ఇది ఏడాది పొడుగునా పారే వాగా, వానలకే పారేదా' అని అడగడం నేర్చుకుంటాడు; నీలం గీతకూ నల్ల గీతకూ ఉన్న తేడా ఆ ప్రశ్నకు జవాబు. గుర్తును గుర్తుపట్టడం వేరు, గుర్తును చదవడం వేరు. ఈ రెండోది పిల్లలకు ఎక్కడ వస్తుందన్నదే నాకు ముఖ్యం.

తెలుగిళ్ల పిల్లలకు దీనితో ఇంకో మేలుంది. తమిళనాడు షీట్లలో చెరువుల పేర్ల చివర 'ఏరి' అని ఉంటుంది. ఇంట్లో 'ఏరు' అంటే పారే నీరని విన్న పిల్లవాడు అది వాగని అనుకుంటాడు. అప్పుడు పేరు వదిలేసి గుర్తు చూడమంటాను: నీలం మేర, దానికి ఒక పక్కన కట్ట గీత, ఆ గీత పక్కన '3r' అని చిన్న అక్షరం. ఆ అక్షరం రివర్ కాదు. చుట్టూ ఉన్న నేల కంటే కట్ట మూడు మీటర్లు ఎత్తని అర్థం. కట్ట ఉన్నది చెరువుకే కదా అని వాడే తేల్చుకుంటాడు.

చెన్నై బల్లపరుపు నేల కావడం కూడా కలిసొచ్చింది. ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ ఇరవై మీటర్ల అంతరంతో గీసే గోధుమరంగు కాంటూరు రేఖలు ఇక్కడ బహు తక్కువ. పరంగిమలై, పల్లావరం గుట్టల దగ్గర మాత్రమే అవి చుట్టలు తిరుగుతాయి కాబట్టి చిన్నపిల్లలు వాటిలో చిక్కుకుపోరు. సూచికలో ఎత్తు అంకె పక్కన కనిపించే చిన్న త్రిభుజం ఏమిటని అడిగితే చెప్పడానికి మనకు ఊళ్లోనే కథ ఉంది: దేశమంతటినీ త్రిభుజాలుగా కొలిచిన సర్వేకు విలియం లాంబ్టన్ 1802లో ఆధార రేఖ కొలిచింది ఆ పరంగిమలై దగ్గరే.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. అంతా ఇంగ్లీషులో ఉంటుంది. షీటు మొత్తం ఒకేసారి పరిస్తే పిల్లలు బెదిరిపోతారు, అందుకే నేను అరచేతి వెడల్పు ముక్కను, సూచికను మాత్రమే ఇస్తాను. పాత షీట్లలో కాలం నిలిచిపోయి ఉంటుంది. చెన్నై బీచ్ స్టేషన్ నుంచి తాంబరం వరకు 2004 దాకా మీటర్ గేజ్ (మీటరు వెడల్పు పట్టాల) రైళ్లు నడిచాయి, ఆ గుర్తు చూసి పిల్లలు తికమకపడతారు. ఓపెన్ సిరీస్ షీట్లను, అంటే అందరూ వాడుకోవడానికి విడుదల చేసే టోపోషీట్లను, సర్వే ఆఫ్ ఇండియా 2017 నుంచి తన పోర్టల్‌లో ఉచితంగా ఇస్తోంది గనుక ఖర్చంతా ప్రింటుదే, ఆ ఖర్చులో పొదుపు చేయకండి. నేను ఒకసారి పది మందికి నలుపు తెలుపు జిరాక్సు తీయించాను. పారే వాగూ ఎండిన వాగూ ఒకే రంగులోకి వచ్చేశాయి, ఆ సాయంత్రం పాఠమంతా వృథా.

కాబట్టి ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి నేను చెప్పేది: పరీక్ష కోసం అట్లాసు ఎలాగూ కొంటారు, గుర్తుల కోసం మీ పేట ఉన్న షీటును రంగుల్లో ప్రింటు తీయించండి. కిందటి నెల మా వీధి ముక్క ఇచ్చినప్పుడు, లేక్ వ్యూ రోడ్డు మీదే ఇల్లున్న ఒక పిల్లవాడు చెరువు కోసం చాలాసేపు వెతికాడు. టి. నగర్ కట్టడానికి 1920లలో ఆ పెద్ద చెరువును పూడ్చేశారని చెప్పాను. వాడు సూచికలో వేలు పెట్టి, నీరున్న చెరువుకూ ఎండిన చెరువుకూ గుర్తులు ఉన్నాయి గానీ ఇళ్లు కట్టేసిన చెరువుకు లేదేం మిస్ అన్నాడు. లేదు. పెన్సిలు తీసి అంచున ఒక చుక్కల గీత చుట్టి, లోపల నాలుగు చిన్న చదరాలు వేసుకున్నాడు.